గుండ్రని అక్షరానికి ఒక్క దీపం చాలదు

అరిగిన శాసనం ఉన్న గోడ మిట్టమధ్యాహ్నం ఒట్టి రాయిలా కనిపిస్తుంది. పొద్దు వాలాక అదే గోడ మీద పంక్తులు ఒక్కొక్కటే పైకి తేలతాయి. ఉలి తీసిన గాడి లోతు చాలాచోట్ల ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఆ లోతు కంటికి ఆనాలంటే గాడి ఒక అంచు మీద వెలుగు, రెండో అంచు మీద నీడ పడాలి. వెలుగు ఎదురుగా వచ్చి పడితే రెండు అంచులూ ఒకేలా వెలుగుతాయి, అక్షరం మాయమవుతుంది. శాసనాలు చూసే అలవాటున్నవాళ్లందరికీ ఇది తెలిసిందే. అందుకే టార్చి పక్కనుంచి పట్టుకుని ఒక ఫొటో తీసి, ఇంటికొచ్చి చదువుకోవచ్చులే అనుకుంటారు. తప్పుడు పాఠాలు ఎక్కువగా పుట్టేది ఆ ఒక్క ఫొటోలోనే.

వెలుగు ఎటునుంచి వస్తే, ఆ దారికి అడ్డంగా ఉన్న గీతలే నీడ పడి కనిపిస్తాయి. ఆ దారి వెంటే సాగే గీతల్లో నీడ పడదు. తొలినాటి బ్రాహ్మిలో నిటారు గీతలు ఎక్కువ కాబట్టి ఏ గీత తప్పిపోయిందో ఊహించడం కొంత తేలిక. తెలుగు లిపి అంతా వంపులే. ఒక సున్నను ఎడమ పక్కనుంచి వెలిగిస్తే ఎడమ వంపు, కుడి వంపు రెండు నెలవంకల్లా కనిపించి, పై వంపూ కింది వంపూ రాయిలో కలిసిపోతాయి. పైనుంచి వెలిగిస్తే దీనికి తలకిందులు. అంటే ఏ ఒక్క ఫొటోలోనైనా తెలుగు అక్షరం సగమే ఉంటుంది. మిగతా సగాన్ని చదివేవాడి అలవాటు పూరిస్తుంది. పాత శాసనాలు చాలావాటిలో తలకట్టు దాదాపు అడ్డగీత లాంటిది. పక్కనుంచి వెలుగు వేస్తే ముందుగా పోయేది అదే. తలకట్టు పోయిన 'ర' సున్నలా కనిపిస్తుంది. నడుమ చుక్క కనిపించని 'థ' కాస్తా 'ద' అయిపోతుంది.

విశాఖ రాయి

విశాఖపట్నం చుట్టుపక్కల దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. ఇక్కడి కొండల్లో ప్రధానమైన రాయి ఖోండలైట్. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీదుగా భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అది. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, సిల్లిమనైట్‌లతో పాటు దీంట్లో ఎర్రటి గార్నెట్ గింజలు ఉంటాయి. రాయి శిథిలమయ్యేకొద్దీ ఆ గింజలు ఊడిపోతాయి. ఊడిన గింజలు వానల్లో కొట్టుకుపోయి చివరకు సముద్రపు ఒడ్డు ఇసుకలో తేలతాయి. కొండ మీద మాత్రం వాటి గుంటలు మిగులుతాయి. ఒక్కో గుంట కొన్ని మిల్లీమీటర్లు, ఇంచుమించు గుండ్రం. శాసనంలో అక్షరం పక్కన అలాంటి గుంట పడితే అది అనుస్వారం. 'ద' కడుపులో పడితే అది 'థ'. అంకెల పక్కన పడితే అది పూజ్యం, అంటే దానం పదింతలు.

దీనికి తోడు ఖోండలైట్‌లో ఖనిజాలు పొరలు పొరలుగా పేర్చుకుని ఉంటాయి. పొరల మధ్య మెత్తని భాగం ముందు అరిగి, గోడంతా ఒకే దిక్కుకు సాగే సన్నని చాళ్లు ఏర్పడతాయి. ఆ చాళ్లకు అడ్డంగా టార్చి పట్టామా, అక్షరాలకంటే అవే ముందు కనిపిస్తాయి. సముద్రపు గాలిలోని ఉప్పు రాతి రంధ్రాల్లోకి చేరి, తేమ ఆరినప్పుడల్లా గడ్డకట్టి పై పొరను పెళ్లలుగా ఊడదీస్తుంది. తీరానికి దగ్గరున్న శాసనాల్లో పంక్తి మధ్యలో ఉన్నట్టుండి అరచేయంత ఖాళీ రావడానికి తరచూ కారణం ఇదే. ఆ ఖాళీలో ఏ కెమెరాకూ దొరికేది ఏమీ ఉండదు. గాడి అడుగైనా కొంత మిగిలి ఉన్నచోటే ఈ పద్ధతులు పనిచేస్తాయి.

పదుల దీపాలు, ఒకే చూపు

ఒక్క వెలుగు చాలనప్పుడు అన్ని దిక్కులనుంచీ వెలుగు వేసి చూడాలి. 2001లో హ్యూలెట్ ప్యాకర్డ్ ప్రయోగశాలలో టామ్ మాల్జ్‌బెండర్ బృందం ప్రకటించిన పద్ధతి సరిగ్గా ఇదే చేస్తుంది. కెమెరా, రాయి కదలవు. దీపం మాత్రం ఒక ఊహా గోపురం మీద తిరుగుతున్నట్టు చోటు మారుతూ ఉంటుంది. ఒక్కో చోటు నుంచి ఒక్కో ఫొటో. ప్రతి పిక్సెల్ ఏ దిక్కు వెలుగుకు ఎంత ప్రకాశించిందో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి, ఆరు గుణకాలున్న ఒక చిన్న సమీకరణంగా దాచుకుంటుంది. ఆ తర్వాత తెర మీద మౌస్ కదిపితే రాతి మీద దీపం కదిలినట్టే కనిపిస్తుంది. అసలు ఎవరూ దీపం పెట్టని కోణం నుంచి కూడా వెలుగు వేసుకోవచ్చు. దీని పూర్తి పేరు రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్, పొడి అక్షరాల్లో ఆర్‌టీఐ. మన దగ్గర ఆర్‌టీఐ అంటే సమాచార హక్కు దరఖాస్తే గుర్తొస్తుంది కాబట్టి, కార్యాలయాలకు రాసే అనుమతి లేఖల్లో పూర్తి పేరే వాడటం క్షేమం.

దీపం ఎక్కడ పెట్టామో కొలవాల్సిన పని లేదు. నిగనిగలాడే నల్లటి బంతులు రెండు రాయి పక్కన, ఫ్రేములో పడేటట్టు పెడితే చాలు. ప్రతి ఫొటోలో బంతి మీద ఒక మెరుపు చుక్క పడుతుంది. బంతి ఆకారం తెలుసు కాబట్టి చుక్క పడ్డ చోటును బట్టి ఆ ఫొటోలో వెలుగు ఏ దిక్కునుంచి వచ్చిందో సాఫ్ట్‌వేరే లెక్క తేలుస్తుంది. పాత స్నూకర్ సెట్టులోని నల్ల బంతి ఇందుకు చక్కగా సరిపోతుంది. ఫొటోలో బంతి అడ్డుకొలత కనీసం 200 పిక్సెల్‌లు ఉండాలి. అంతకన్నా చిన్నదైతే మెరుపు చుక్క కేంద్రం సరిగా దొరక్క, దిక్కుల లెక్క తప్పుతుంది.

ఇక కొలతలు. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో 6000 పిక్సెల్‌ల వెడల్పు, 4000 ఎత్తు. ఒక్కో ఫ్రేములో 60 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. ఎత్తు గోడ పడేలా నిలబెడితే పిక్సెల్‌కు 0.1 మి.మీ. వస్తుంది. 3 సెం.మీ. ఎత్తున్న అక్షరానికి 300 పిక్సెల్‌లు, 3 మి.మీ. వెడల్పున్న గీతకు 30. చదవడానికి ఇది ధారాళంగా సరిపోతుంది. ఇంకా దగ్గరికి వెళ్తే ఫ్రేముల సంఖ్య పెరుగుతుందే తప్ప కొత్తగా తెలిసేది తక్కువ. వైడ్ లెన్సులు అంచులను సాగదీస్తాయి కాబట్టి 50 మి.మీ. లేదా అంతకు పైన తీసుకోవాలి. కెమెరా ముఖం గోడకు సమాంతరంగా ఉండాలి.

దీపం దూరం ఫ్రేము మూలనుంచి మూలకు ఉన్న కొలతకు మూడింతలు ఉంటే మంచిది. 60×40 ఫ్రేముకు ఆ కర్ణం 72 సెం.మీ., అంటే దీపం సుమారు 2.2 మీటర్ల దూరాన ఉండాలి. మరీ దగ్గరైతే ఫ్రేముకు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ వెలుగు పడుతుంది, పైగా ఒకే ఫొటోలో వెలుగు దిక్కు చోటు చోటుకూ మారిపోతుంది. వెలుగు దూరం నుంచి సమాంతరంగా వస్తోందన్న అంచనా మీదే ఈ లెక్కంతా నడుస్తుంది. ఆ దూరం ప్రతిసారీ ఒకేలా ఉండటానికి అందరూ వాడే చిట్కా, ఒక పురికొస. ఒక కొస ఫ్లాషుకు కట్టి, రెండో కొసను ఇంకొకరు ఫ్రేము నడిమధ్యకు ఎదురుగా, రాయికి తగలకుండా పట్టుకుంటారు. పురి బిగువుగా రాగానే కొసను పక్కకు తప్పించి ఫొటో తీస్తారు.

ప్రాకారానికీ గర్భాలయం గోడకూ మధ్య అంత జాగా దొరకనిచోట్లు చాలా ఉంటాయి. అప్పుడు దీపాన్ని దగ్గరికి లాగకూడదు, ఫ్రేమును చిన్నది చేసుకోవాలి. 40×27 సెం.మీ. ఫ్రేముకు 1.45 మీటర్ల దూరం చాలు. ఫొటోల సెట్లు రెండింతలకు పైగా అవుతాయి, కానీ ప్రతి సెట్టూ పనికొస్తుంది.

గోడను గడియారం ముఖంలా ఊహించుకుని, పన్నెండు గంటల దిక్కుల్లోనూ రాతి తలం నుంచి 15, 30, 45, 60 డిగ్రీల ఎత్తుల్లో ఫ్లాషు పెడితే 48 ఫొటోలు. అరిగిన శాసనానికి అసలు సమాచారం ఇచ్చేవి 15, 30 డిగ్రీలవే. మిగతావి లెక్కను నిలకడగా ఉంచుతాయి. నేలకు దగ్గరగా, అధిష్ఠానం (గుడి అడుగున ఉండే పీఠభాగం) మీద ఉన్న శాసనాలకు కింది నుంచి వెలుగు వేయడం కుదరదు. నేల మీద చిన్న అద్దం పెట్టి ఫ్లాషును దాని మీదికి తిప్పితే కొంత పని జరుగుతుంది. అదీ కుదరకపోతే, ఆ సెట్టులో కింది దిక్కు లేదని రాసిపెట్టాలి. అడ్డగీతల కింది అంచులు ఎందుకు మెత్తగా ఉన్నాయో తర్వాత చూసేవారికి తెలియాలి కదా.

కెమెరాను పూర్తిగా మాన్యువల్‌లో ఉంచాలి. ఎఫ్/8, ఐఎస్‌ఓ 100, షట్టరు సెకనులో 160వ వంతు, వైట్ బ్యాలెన్స్ ఒకే అంకె, ఫైలు 'రా' (కెమెరా ఏ మెరుగులూ దిద్దని మూల ఫైలు). ఫోకస్ ఒకసారి చేసి ఆటోఫోకస్ ఆపేయాలి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సులోని స్థిరీకరణను కూడా ఆపాలి, లేకపోతే కదలని కెమెరాలో అదే బొమ్మను పిక్సెల్ అటూ ఇటూ జరుపుతుంది. ఫ్లాషు ఆర్పేసి అవే కొలతలతో ఒక ఫొటో తీస్తే అది నల్లగా రావాలి. ఆ ఒక్క పరీక్షలోనే పగటిపూట పని ఎందుకు కుదరదో తెలిసిపోతుంది. ఎండలో ఈ కొలతలకు ఫొటో తెల్లబారుతుంది, నీడలో కూడా గోడ స్పష్టంగా కనిపిస్తుంది. పగటి వెలుగు ప్రతి ఫొటోలోనూ కలిస్తే 48 దిక్కులూ కలగాపులగం అవుతాయి. చీకటి పడ్డాక తీయడమే మార్గం, లేదా చిన్న ఫలకమైతే చుట్టూ నల్లగుడ్డ కట్టుకోవాలి.

పని చెడగొట్టేవి చాలావరకు చిన్న విషయాలే. ఇరవయ్యో ఫొటో దగ్గర ఎవరి కాలో ట్రైపాడ్‌కు తగులుతుంది. అది అర మిల్లీమీటరు కదిలినా ఐదు పిక్సెల్‌లు జరిగినట్టు, తర్వాతి ఫొటోలన్నీ పాత వాటితో కలవవు, అక్షరాల అంచులు జంటగా కనిపిస్తాయి. షట్టరును చేత్తో నొక్కకుండా రిమోటు వాడాలి. కొండ మీద సముద్రపు గాలికి ట్రైపాడ్ వణుకుతుంది కాబట్టి మధ్య కొక్కేనికి బరువైన సంచి వేలాడదీయాలి. నల్లబంతి మీద తుంపర లాంటి తేమ పేరుకుంటే మెరుపు చుక్క చెదిరి రెండు మూడుగా విడిపోతుంది, మధ్య మధ్య మెత్తటి గుడ్డతో తుడవాలి. తుడిచేటప్పుడు బంతి కదిలిందంటే సెట్టు మళ్లీ మొదటికి. బంతిని నిలబెట్టడానికి గోడకు జిగురుగాని టేపుగాని అంటించకూడదు, రాయి మీద మరక శాశ్వతంగా ఉండిపోతుంది. విడిగా ఒక కడ్డీ స్టాండు ఉండాలి. రాయి తడిగా ఉన్నప్పుడు మెరుపు ఎక్కువై లెక్క దారి తప్పుతుంది. విశాఖలో నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా రాయి పొడిగా ఉంటుంది, పొద్దు కూడా తొందరగా గూకుతుంది.

సుద్దముక్కతో అక్షరాలు దిద్ది ఫొటో తీసే అలవాటు ఇంకా పోలేదు. అది రాతికి చేటు. అంతకుమించి, సుద్ద దిద్దినవాడు ఏం చదివాడో అదే ఫొటోలో ఉంటుంది, రాయి ఏం చెప్పిందో ఉండదు. ఫోన్ కెమెరాల్లో కొత్తగా వచ్చిన ఆటోమేటిక్ మెరుగులు కూడా ఇంచుమించు ఇదే పని చేస్తున్నాయి. మసకగా ఉన్నచోట లేని అంచులు కల్పించి పదునుగా చూపిస్తాయి. ఫోనుతోనే తీయాల్సి వస్తే ప్రో మోడ్‌లో, రా ఫైలుగా తీయాలి. కృత్రిమ మేధతో పెంచిన బొమ్మ పోస్టరుకు బాగుంటుంది, పాఠ నిర్ణయానికి పనికిరాదు.

చేతిలో ఏ సరంజామా లేనివాళ్లకు సూర్యుడున్నాడు, కాకపోతే ఆయన తిథి చూసుకోవాలి. మార్చి 21, సెప్టెంబరు 23 చుట్టుపక్కల ఆయన సరిగ్గా తూర్పున పొడిచి పడమట గూకుతాడు. ఆ రోజుల్లో తూర్పు పడమరలుగా సాగే గోడల మీదికి ఉదయం, సాయంత్రం వెలుగు పక్కనుంచి రాసుకుంటూ వస్తుంది, నిలువు గీతలు తేలతాయి. విశాఖ అక్షాంశం 17.7 డిగ్రీలు కాబట్టి మే 10, ఆగస్టు 2 చుట్టుపక్కల మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు ఏ నిటారు గోడ మీదికైనా వెలుగు పైనుంచి కిందికి జారుతుంది, తలకట్లు తేలతాయి. ఆగస్టులో మబ్బులే ఎక్కువ కాబట్టి నమ్ముకోవాల్సింది మే నెలనే. ఒకే గోడవి ఈ రెండు రకాల ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుంటే సున్నకు నాలుగు వంపులూ దొరుకుతాయి.

లోతు కొలవాలంటే

ఆర్‌టీఐ వాలును చూపిస్తుంది, లోతును కొలవదు. రాతి మీద ఒక మచ్చ గుంటా గాడా అని తేల్చడానికి లోతు కావాలి. దానికి ఫొటోగ్రామెట్రీ. ఒకే గోడను చోటు మారుతూ తీసిన ఫొటోలను జతచేసి త్రీడీ నమూనా తయారుచేసే పద్ధతి ఇది. వెలుగు విషయంలో ఇది ఆర్‌టీఐకి పూర్తిగా వ్యతిరేకం. నీడలు ఉండకూడదు, మబ్బు పట్టిన పగలు దీనికి మేలు. 3 మీటర్ల పొడవు, మీటరు ఎత్తున్న గోడను 60×40 ఫ్రేములతో తీయాలంటే, అడ్డంగా 15 సెం.మీ.కు ఒక అడుగు, నిలువుగా 16 సెం.మీ.కు ఒక వరుస చొప్పున 17 అడుగులు, 5 వరుసలు, మొత్తం 85 ఫొటోలు. దీనికి తోడు కాస్త ఏటవాలుగా, కెమెరాను నిలువుగా తిప్పి మరో ఇరవై తీయాలి. అవి లేకపోతే లెన్సు వంపును సాఫ్ట్‌వేర్ తప్పుగా అంచనా వేసి, తిన్నని గోడను గిన్నెలా వంచుతుంది. తెలిసిన పొడవున్న స్కేలు పట్టీలు, కనీసం రెండు పట్టీలైనా, ఫ్రేముల్లో పడాలి. స్కేలు లేని నమూనాలో మిల్లీమీటరుకు అర్థం లేదు.

ఈ పని చేసే సాఫ్ట్‌వేర్లలో మెటాషేప్ డబ్బు పెట్టి కొనేది. మెష్‌రూమ్, కోల్‌మ్యాప్ ఉచితం. ఏది వాడినా అక్షరాలు పోయేది రెండు చోట్ల. ఒకటి, లోతు లెక్కను శుభ్రం చేసే మెట్టు. మెటాషేప్‌లో దాన్ని అగ్రెసివ్‌లో వదిలేస్తే మిల్లీమీటరు గాళ్లను కూడా చెత్త కింద ఊడ్చేస్తుంది, మైల్డ్ పెట్టాలి. రెండోది, ఫైలు బరువు తగ్గించడానికి, నమూనా తలాన్ని అల్లే చిన్న చిన్న త్రిభుజాల సంఖ్య కుదించడం. 60×40 సెం.మీ. తలాన్ని 0.3 మి.మీ. ఎడంతో పట్టాలంటే సుమారు 53 లక్షల త్రిభుజాలు కావాలి. దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టడానికని 2 లక్షలకు కుదిస్తే ఒక్కో త్రిభుజం భుజం ఒకటిన్నర మిల్లీమీటరు దాటుతుంది. 3 మి.మీ. వెడల్పు గీత అందులో కరిగిపోతుంది. ఇంటర్నెట్‌లో చూసిన త్రీడీ నమూనాలో అక్షరాలు లేవంటే రాయి మీద కూడా లేవని అనుకోకూడదు.

నమూనా వచ్చాక గోడ ఎగుడుదిగుళ్లను తీసేయాలి. గోడ మొత్తం మీద రెండు సెంటీమీటర్ల ఉబ్బు ఉంటే, దాని పక్కన మిల్లీమీటరు గాడి కంటికి ఆనదు. తలాన్ని బాగా నునుపు చేసిన ఒక నకలు తయారుచేసి, అసలు దాంట్లోంచి తీసివేస్తే అక్షరాల లోతే మిగులుతుంది. ఎంత నునుపు చేయాలన్నది ఇక్కడ కీలకం. 3 సెం.మీ. అక్షరాలకు 5, 6 సెం.మీ. మేర సగటు తీయాలి. అంతకంటే చిన్నగా తీస్తే గీత తన్ను తానే కొట్టేసుకుంటుంది. మిగిలిన లోతును రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ బూడిదరంగుల్లో చూస్తే చాలు. ఎరుపు నీలం ఇంద్రధనుస్సు రంగులు కంటికి ఇంపుగా ఉంటాయి కానీ, రంగు మారిన ప్రతిచోటా లేని అంచు ఒకటి ఉన్నట్టు భ్రమ కలిగిస్తాయి. గుండ్రని స్తంభం మీద పంక్తులుంటే క్లౌడ్‌కంపేర్ అనే సాఫ్ట్‌వేర్‌లో అన్‌రోల్ అన్న పనిముట్టుతో స్తంభాన్ని చాపలా పరవవచ్చు. ఎనిమిది పలకల స్తంభానికి ఈ తంటా లేదు, పలకకు ఒక ఆర్‌టీఐ సెట్టు సరిపోతుంది.

గార్నెట్ గుంట సంగతి ఇప్పుడు తేలుతుంది. త్రీడీ నమూనాలో అనుమానం ఉన్న చోట అడ్డంగా ఒక కోత గీసి లోతు చూడాలి. చెక్కిన సున్న అయితే రెండు లోయలు, వాటి మధ్య ఒక దిబ్బ. ఊడిన గింజ అయితే మధ్యలో లోతైన ఒకే గిన్నె. ఒకే పంక్తిలో ఒకే చేయి తీసిన గాళ్ల లోతు ఇంచుమించు ఒకటిగా ఉంటుంది. పక్క అక్షరాలన్నీ 1 మి.మీ. లోతుంటే 3 మి.మీ. లోతున్న గుండ్రని గుంట ఉలి పని కాదు. మధ్య దిబ్బ కూడా అరిగిపోయిన సున్నల విషయంలో మాత్రం ఈ పరీక్ష తేల్చలేదు, అక్కడ పదం అర్థమే ఆధారం.

శిల్పాల దగ్గర

శిల్పాలకు ఆర్‌టీఐ అంతగా నప్పదు. ఐదారు సెంటీమీటర్లు ముందుకు పొడుచుకొచ్చిన మూర్తిలో ముక్కు నీడ చెంప మీద, చేయి నీడ పొట్ట మీద పడి, ఆ నీడలను కూడా వాలు కింద లెక్కగడుతుంది. ఇక్కడ ఫొటోగ్రామెట్రీయే దిక్కు. మూర్తిని గుర్తించేది చేతుల్లోని ఆయుధాలను, ముద్రలను, ఆసనాన్ని బట్టి. ముందుగా విరిగేవీ అరిగేవీ అవే. అరిగిన శంఖం, మొగ్గ తామర, మాదీఫలం మూడూ ఫొటోలో ఒకే ముద్దలా ఉంటాయి. త్రీడీ నమూనాలో రంగు తీసేసి, లోతట్టు చోట్లు నల్లబడేటట్టు చూస్తే ముద్ద అడుగున మెలిక ఉందా, రేకుల అంచులు ఉన్నాయా, వేళ్లు దాన్ని చుట్టి పట్టుకున్నాయా లేక కింద నుంచి మోస్తున్నాయా అన్నది కనిపించే వీలుంటుంది. చాలాసార్లు గుర్తుపట్టేది వస్తువును చూసి కాదు, వేళ్ల వంపును చూసే. ముఖాలను మాత్రం పక్క వెలుగులో చూసి భావం నిర్ణయించకూడదు. దీపం ఒక అడుగు జరిగితే శాంతమూర్తి రౌద్రంగా మారిపోతుంది.

విశాఖకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, అనకాపల్లి పక్కన ఉన్న శంకరం దీనికి మంచి ఉదాహరణ. బొజ్జన్నకొండ, లింగాలకొండల మీద కొండరాతిని తొలిచిన గుహలు, ఏకశిలా స్తూపాలు, బుద్ధమూర్తులు ఉన్నాయి. 1907–08లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపాడు. కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇక్కడికొచ్చి, రాక్షసుడి బొజ్జ అని నమ్మిన ఒక ఆకారం మీద రాళ్లు విసిరే ఆచారం ఎన్నో ఏళ్లు సాగింది. పురావస్తు ప్రియులు, అధికారులు పూనుకున్నాక అది ఆగింది. ఇలాంటి చోట నమూనాలో మూడు రకాల గుర్తులను వేరుచేయాలి. ఉలి దెబ్బలు ఒక వరుసలో, ఒకే కోణంలో ఉంటాయి. వాన కోత పైనుంచి కిందికి సాగుతుంది, పై అంచులను ఎక్కువగా తింటుంది. రాయి తగిలిన దెబ్బ మాత్రం ఎక్కడపడితే అక్కడ, మధ్యలో నలిగి అంచు చిట్లి ఉంటుంది. మూడింటినీ కలిపి 'శిథిలం' అని ఒక్క మాటలో రాసేస్తే మూర్తి చరిత్రలో సగం పోతుంది.

పూజలో ఉన్న మూర్తుల సంగతి వేరు. నూనె, పసుపు, కుంకుమ పొరల కింద రాయి ఉంటుంది, కెమెరా కొలిచేది పై పొరనే. సింహాచలం అప్పన్న నిజరూపం కనిపించేది అక్షయతృతీయ నాడు ఒక్క చందనోత్సవంలోనే. మిగతా ఏడాదంతా చందనమే ఆకారం. గోడలకు వేసిన సున్నం, ఎనామెల్ రంగుల విషయంలోనూ అంతే. వాటి కింద గాడి పూడిపోయి ఉంటే ఏ లెక్కా దాన్ని తవ్వి తీయలేదు. పాత రంగుల ఆనవాళ్లు రాతి మీద లీలగా మిగిలినచోట డీస్ట్రెచ్ అనే ఉచిత పనిముట్టు రంగుల తేడాను పెంచి చూపిస్తుంది, గాడికి మాత్రం అది ఉపయోగపడదు.

అనుమతులు ముందుగానే తీసుకోవాలి. శంకరం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, ట్రైపాడ్, ఫ్లాష్ పెట్టాలంటే వారి లిఖిత అనుమతి కావాలి. ఆలయాలకు దేవాదాయ శాఖను అడగాలి, చీకటిపడ్డాక పని అంటే అర్చకుల వేళలు కూడా చూసుకోవాలి. డ్రోన్ ఆలోచన విశాఖలో దాదాపుగా మానుకోవడమే మంచిది. ఊళ్లోనే నౌకాదళ వైమానిక స్థావరం ఉంది.

చదవడం

సింహాచలంలో శాసనాలు వందల్లో ఉన్నాయి. వాటిలో తొలి నాటిది కులోత్తుంగ చోళుడి కాలపు 1098–99 నాటిది. తూర్పు గాంగ నరసింహదేవుడి కాలంలో 1267–68లో జరిగిన ఆలయ నిర్మాణం, 1516లో కృష్ణదేవరాయలు వచ్చి 991 ముత్యాల హారం సమర్పించడం ఈ గోడలవల్లే తెలుస్తున్నాయి. వీటిలో ఎక్కువ భాగాన్ని పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే ప్రభుత్వ శాసన శాఖ నకలు తీసింది. దక్షిణ భారత శాసన సంపుటాల్లో ఆరోదానిలో పాఠాలు అచ్చయ్యాయి. తడి కాగితాన్ని రాతికి అద్ది, బ్రష్షుతో గాళ్లలోకి కొట్టి, పైన మసి సిరా అద్దే ఆ పాత ఎస్టాంపేజీని కొత్త పద్ధతులు వచ్చాయని పక్కన పెట్టడం తెలివితక్కువ పని. నూరేళ్ల కిందట రాయి మీద ఉన్న అక్షరాలు ఇప్పుడు లేకపోవచ్చు, ఆ కాగితంలో ఉంటాయి. పాత అచ్చును స్కాన్ చేసి కొత్త బొమ్మ మీద పొరగా పరిచి చూడాలి. తడి కాగితం ఆరేటప్పుడు సాగీ ముడుచుకునీ ఉంటుంది కాబట్టి, నాలుగు మూలలే కాక మధ్యలో స్పష్టంగా ఉన్న అక్షరాలను కూడా గుర్తులుగా పెట్టుకుని సర్దాలి. అచ్చు మసికి గార్నెట్ గుంటకూ సున్నకూ తేడా తెలియదు, రెండూ తెల్లగానే వస్తాయి. ఆ తేడాను కొత్త బొమ్మ చెబుతుంది. రాయి పోయినచోట పాత అచ్చు చెబుతుంది.

ఇద్దరు విడివిడిగా చదివి, ఇంక్‌స్కేప్ లాంటి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో వేర్వేరు పొరల్లో గీతలు గీసి, తర్వాత పోల్చుకోవాలి. సంపుటంలో అచ్చయిన పాఠం ముందు చూడకూడదు, చూశాక కన్ను దాన్నే వెతుక్కుంటుంది. ఎక్కువ గొడవ అంకెల దగ్గరే. ౨కూ ౩కూ అడుగున ఒక మెలికే తేడా, అది అరిగితే రెండూ ఒకటే. సంవత్సరం పేరు ఇక్కడ ఆదుకుంటుంది. రాయల సింహాచల శాసనం శక 1438 (పైన చెప్పిన 1516), ధాత సంవత్సరం. అందులో ౩ అంకె మసకగా ఉండి 1428 అని చదివారనుకుందాం. శక 1428 అక్షయ సంవత్సరం, ధాత కాదు, కాబట్టి ఆ పాఠం నిలవదు. అంకె పూర్తిగా పోయి 14, ఖాళీ, 8 మాత్రమే మిగిలినా ధాత వచ్చేది 1438లో, అరవయ్యేళ్ల తర్వాత 1498లో. రెండో ఏటికి రాయలు లేడు. గడిచిన ఏళ్లను లెక్కపెట్టే గత శకం, నడుస్తున్న ఏడాదిని కూడా కలిపే వర్తమాన శకం అన్న తేడా వల్ల ఒక ఏడాది అటూ ఇటూ రావచ్చు, తిథి వారాలు దాన్ని సరిచేస్తాయి. ఇంత తేల్చాక కూడా ఆ అంకెను పాఠంలో 14[3]8 అనే రాయాలి. ఆ అంకె రాతి మీద సరిగా లేదనీ, లెక్క వల్ల వచ్చిందనీ చెప్పేది ఆ కుండలీకరణమే. పాఠంతో పాటు 48 రా ఫైళ్లనూ, దీపం లేని దిక్కుల జాబితానూ, ఏ గోడ, నేల నుంచి ఎంత ఎత్తు, ఎన్నో పంక్తి అన్న వివరాన్నీ ఒకే పేరు కింద భద్రపరచాలి. ఒక సెట్టు ఒకటిన్నర గిగాబైటు లోపే ఉంటుంది.